పాట ఒకటి, గడువులు మూడు: పాత జాజ్ రికార్డులు ఎవరి సొత్తు?

2026 జనవరి 1న అమెరికాలో ఒకేసారి రెండు రకాల సంగీతం అందరి సొత్తు అయింది. 1930లో వచ్చిన ‘బాడీ అండ్ సోల్’ అనే పాటపై కాపీరైట్ గడువు ఆ రోజుతో తీరింది. 1925లో విడుదలైన గ్రామఫోను రికార్డులపై హక్కులు కూడా ఆ రోజే ముగిశాయి. బెస్సీ స్మిత్ పాడగా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ వాయించిన ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ వాటిలో ఒకటి. ఈ వార్త చదివిన జాజ్ అభిమానికి, కోల్మన్ హాకిన్స్ 1939లో శాక్సఫోన్‌పై వాయించిన ‘బాడీ అండ్ సోల్’ రికార్డును ఇక ఎవరికైనా పంపవచ్చు, ఎక్కడైనా పెట్టవచ్చు అనిపించడం సహజం. కానీ అది నిజం కాదు. ఆ రికార్డు కోసం అమెరికాలో 2040 దాకా ఆగాలి. అదే హాకిన్స్ అదే పాటను 1940లో వాయిస్తుండగా రేడియో నుంచి పట్టుకున్న మరో రికార్డు కోసమైతే 2067 ఫిబ్రవరి దాకా ఆగాలి. లండన్‌లో ఉన్న అభిమానికి పరిస్థితి దాదాపు తలకిందులుగా ఉంటుంది. అక్కడ రికార్డుల గడువు ఎప్పుడో తీరిపోయింది, పాట గడువు మాత్రం ఇంకా నడుస్తోంది.

ఈ చిక్కు న్యాయవాదులకు మాత్రమే సంబంధించింది కాదు. పాత లక్క రికార్డులను డిజిటల్ రూపంలోకి మార్చి ఉచితంగా వినిపించే ‘గ్రేట్ 78 ప్రాజెక్ట్’ విషయంలో, ఆన్‌లైన్ గ్రంథాలయమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థపై యూనివర్సల్, సోనీ తదితర రికార్డు కంపెనీలు 2023 ఆగస్టులో అమెరికా ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. మొదటి ఫిర్యాదులో 2,749 రికార్డులను పేర్కొన్నాయి. బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జెరాల్డ్, మైల్స్ డేవిస్ వంటి వారి సంగీతం అందులో ఉంది. అమెరికా చట్టం ప్రకారం ఒక్కో కృతికి గరిష్ఠంగా లక్షా 50 వేల డాలర్ల వరకు పరిహారం విధించవచ్చు. అంటే ఒక గ్రంథాలయం మూతపడేంత మొత్తం. 2025 సెప్టెంబరులో ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి, షరతులను వెల్లడించలేదు. తొంభై ఏళ్ల నాటి అరిగిపోయిన రికార్డును భద్రపరచి వినిపించడం తప్పా ఒప్పా అన్న ప్రశ్నకు ఆ విధంగా కోర్టు జవాబు చెప్పకుండానే కేసు ముగిసింది.

ఒక్క రికార్డులో ఎన్ని హక్కులు దాగి ఉంటాయి

మనకు బాగా తెలిసిన ఉదాహరణతో మొదలుపెడితే తేలిక. త్యాగరాజస్వామి కీర్తన ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఒక విద్వాంసుడు ఆ కీర్తనను పాడగా ఒక కంపెనీ రికార్డు చేసి అమ్మితే, ఆ ధ్వనిముద్రణ మీద కంపెనీకి హక్కు ఉంటుంది. అదే విద్వాంసుడు సభలో పాడుతుండగా ముందు వరుసలో కూర్చున్న వ్యక్తి అనుమతి లేకుండా రికార్డు చేసుకుని పంచిపెడితే, గాయకుడికి ప్రదర్శకుడిగా అభ్యంతరం చెప్పే హక్కు ఉంటుంది. కీర్తన ఒకటే అయినా వరస, సాహిత్యం కలిసిన రచన ఒకటి, దాని ధ్వనిముద్రణ ఇంకొకటి, ఆ రోజు ఆ క్షణంలో జరిగిన ప్రదర్శన మరొకటి. చట్టం వీటిని విడివిడిగా చూస్తుంది, విడివిడి గడువులు ఇస్తుంది. ఒకదాని గడువు తీరినంత మాత్రాన మిగిలినవి తీరినట్టు కాదు.

రచన మీద హక్కు సాధారణంగా స్వరకర్తకూ గేయ రచయితకూ, వారి నుంచి కొనుక్కున్న ప్రచురణకర్తకూ ఉంటుంది. ధ్వనిముద్రణ మీద హక్కు ఎక్కువ సందర్భాల్లో డబ్బు పెట్టి రికార్డు చేయించిన కంపెనీది. 1920లలో, 30లలో రికార్డు చేసిన వాద్యకారుల్లో అధిక సంఖ్యాకులు ఆ పూటకు ఇంత అని కూలి తీసుకుని వెళ్లిపోయినవారే. గడువు తీరితే ఆ కృతి ‘పబ్లిక్ డొమైన్’లోకి, అంటే అందరి సొత్తులోకి వస్తుంది.

మనోధర్మానికి చట్టంలో చోటెక్కడ

ఇంతవరకు చెప్పింది ఏ సంగీతానికైనా వర్తిస్తుంది. జాజ్ దగ్గరకు వచ్చేసరికి అసలు ఇబ్బంది మొదలవుతుంది, ఎందుకంటే ఈ సంగీతంలో విలువైన భాగం రాసిపెట్టినది కాదు, అప్పటికప్పుడు పుట్టినది. కర్ణాటక సంగీతంలో దాన్ని మనోధర్మం అంటాం.

హాకిన్స్ రికార్డునే దగ్గరగా విందాం. అయిదేళ్లు ఐరోపాలో గడిపి 1939లో న్యూయార్క్ తిరిగివచ్చిన హాకిన్స్, అక్టోబరు 11న స్టూడియోలో దీన్ని వాయించాడు. జీన్ రోజర్స్ పియానో మీద నాలుగు బార్ల (మన తాళావర్తాల వంటి కొలత) ఎత్తుగడ ఇస్తాడు. తర్వాత శాక్సఫోన్ వచ్చి పాట వరసను కొన్ని బార్ల పాటు, అదీ అంచులు మెత్తబరిచి, పలుకుతుంది. ఆ పైన వరస మళ్లీ దొరకదు. 32 బార్ల చట్రం రెండుసార్లు తిరిగేలోపు హాకిన్స్ ఆ చట్రం కింద ఉన్న స్వరసమ్మేళనాలను ఒక్కొక్కటిగా విప్పుతూ, మెల్లగా స్థాయి పెంచుకుంటూ పోతాడు. మూడు నిమిషాల్లో పాట అయిపోతుంది. మన కచేరీ భాషలో చెప్పాలంటే పల్లవి ఒక్కసారి, అదీ సగమే, పలికి మిగతాదంతా కల్పన స్వరాలతో నడిపినట్టు. ఆ తర్వాతి తరాల శాక్సఫోన్ వాద్యకారులు కంఠస్థం చేసింది పాట స్వరకర్త జానీ గ్రీన్ వరసను కాదు, హాకిన్స్ కల్పించినదాన్ని.

అయితే చట్టం దృష్టిలో ఈ రికార్డులోని రచన జానీ గ్రీన్‌ది, గేయ రచయితలది. గేయంలో ఒక్క మాట కూడా వినిపించని ఈ రికార్డు అమ్మకాల్లోనూ, పాట గడువు ఉన్నంతకాలం, రచన తాలూకు రాయల్టీ వారికే చెందుతుంది. హాకిన్స్ కల్పనకు విడిగా రచన హోదా లేదు. అతనికి దక్కేది ఒప్పందంలో వాద్యకారుడిగా రాసుకున్నది మాత్రమే. అమెరికా చట్టంలో విడుదలైన పాటను నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా మళ్లీ రికార్డు చేసుకునే వెసులుబాటు 1909 నుంచి ఉంది. తమ శైలికి తగ్గట్టు పాటను మలచుకోవడానికి కూడా ఆ వెసులుబాటు ఒప్పుకుంటుంది. కానీ అలా మలచినదాన్ని పాట యజమాని సమ్మతి లేకుండా కొత్త రచనగా నమోదు చేసుకోనివ్వదు. మనోధర్మాన్ని చట్టం ‘వాయించే తీరు’గా చూస్తుందే తప్ప ‘సృష్టి’గా చూడదు. నా దృష్టిలో ఈ చిక్కుముడి మొత్తానికి మూలం ఇదే.

వాద్యకారులు దీన్ని గ్రహించి తమ దారి తాము వెతుక్కున్నారు. స్వరసమ్మేళనాల వరుస మీద, అంటే పాశ్చాత్య సంగీతకారులు కార్డ్స్ అనే వాటి నడక మీద, ఆచరణలో ఎవరికీ కాపీరైట్ ఉండదు. ఒకే రాగంలో వంద కృతులు ఉండవచ్చు, రాగం మీద ఎవరికీ పట్టా లేదు అన్నంత దగ్గరి పోలిక ఇది. అందుకే 1940లలో బీబాప్ అనే కొత్త జాజ్ శైలి వాద్యకారులు ప్రసిద్ధ పాటల చట్రాన్ని ఉంచేసి, పైన వరసను తీసేసి, కొత్త వరస కట్టి కొత్త పేరు పెట్టారు. చార్లీ పార్కర్ 1945 నవంబరు 26న సవోయ్ కంపెనీకి రికార్డు చేసిన ‘కో-కో’ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. దాని చట్రం రే నోబుల్ పాట ‘చెరోకీ’ది. ఆ రోజు మొదటి ప్రయత్నం కూడా మిగిలి ఉంది. ఎత్తుగడ అయ్యాక బృందం ‘చెరోకీ’ అసలు వరసలోకి వెళ్తుంది, వెంటనే ఎవరో ఈల వేసి కేకేసి వాయిద్యం ఆపించేస్తారు. వరస వాయిస్తే నోబుల్ ప్రచురణకర్తకు డబ్బు కట్టాలన్న లెక్కే అందుకు కారణమని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. రెండో ప్రయత్నంలో వరస మాయమైంది, చట్రం మిగిలింది. ఆధునిక జాజ్‌ను మలుపు తిప్పిన ఒక రికార్డు ఆకృతిలో కాపీరైట్ లెక్కకూ కొంత పాత్ర ఉందన్నమాట.

రచన ఎవరిదో తేల్చలేని పరిస్థితి జాజ్ మొదటి రికార్డుతోనే వచ్చింది. 1917 ఫిబ్రవరి 26న ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ రికార్డు చేసిన ‘లివరీ స్టేబుల్ బ్లూస్’ పెద్దఎత్తున అమ్ముడుపోగానే, దాన్ని కట్టింది తామంటే తామని ఆ బృందం వారూ ఒక మాజీ సభ్యుడి పక్షం వారూ షికాగోలో కోర్టుకెక్కారు. న్యాయమూర్తి జార్జ్ కార్పెంటర్ ఇరుపక్షాలకూ హక్కు లేదని కేసు కొట్టేశారు. సంగీతాన్ని రాయడం, చదవడం రాని వాద్యకారులు కలిసి వాయిస్తూ వాయిస్తూ రూపు దిద్దిన పాటకు ఒకే కర్తను చూపడం సాధ్యం కాలేదు.

అమెరికా గడువుల లెక్క ఎందుకింత వింతగా ఉంది

1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన ధ్వనిముద్రణలకు అమెరికా ఫెడరల్ కాపీరైట్ లేదు. అంటే అవి స్వేచ్ఛగా ఉన్నాయని కాదు. ఒక్కో రాష్ట్రం ఒక్కో రకం చట్టంతోనో, న్యాయస్థానాల సంప్రదాయంతోనో వాటిని కాపాడేది. బ్రిటన్‌లో గడువు తీరిన 1930ల నాటి రికార్డులకు కూడా న్యూయార్క్‌లో రక్షణ ఉంటుందని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2005లో క్యాపిటల్, నాక్సోస్ కంపెనీల మధ్య కేసులో తేల్చింది. దాని ఫలితంగా, ఎడిసన్ కాలపు మైనపు గొట్టంతో సహా, అమెరికాలో ఒక్క పాత వాణిజ్య రికార్డు కూడా దేశమంతటా నిస్సందేహంగా అందరి సొత్తు అని చెప్పలేని స్థితి ఏర్పడింది.

2018లో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం ఈ గందరగోళానికి ఒక క్రమం తెచ్చింది. 1923కు ముందు విడుదలైన రికార్డులన్నీ 2022 జనవరి 1న స్వేచ్ఛ పొందాయి. 1923 నుంచి 1946 వరకు విడుదలైనవాటికి విడుదల నుంచి 95 ఏళ్లు, దానిపైన మరో 5 ఏళ్లు కలిపి నూరేళ్లు. 1947 నుంచి 1956 వరకు వచ్చినవాటికి 110 ఏళ్లు. ఆ తర్వాత 1972 ఫిబ్రవరి వరకు ఉన్న మిగతావన్నీ 2067 ఫిబ్రవరి 15న ఒక్కసారే విడుదలవుతాయి.

ఈ లెక్కను ఉదాహరణలకు అన్వయించి చూద్దాం. ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ పట్టణంలో జెనెట్ కంపెనీ స్టూడియోలో 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ బృందం వాయించింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాద్యం మొదటిసారి రికార్డుకెక్కింది అక్కడే. నూరేళ్లు 2023 చివరికి నిండాయి కాబట్టి, 2024 జనవరి 1 నుంచి ఆ రికార్డులను ఎవరైనా అచ్చొత్తవచ్చు, పంచవచ్చు, సినిమాలో వాడుకోవచ్చు. హాకిన్స్ 1939 రికార్డుకు నూరేళ్లు 2039 చివరికి నిండుతాయి. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959 ఆగస్టులో వచ్చింది కాబట్టి దానికి 2067.

మొదట ఎవరి దృష్టికీ రాని మెలిక ఒకటి ఇందులో ఉంది. ఈ లెక్కలన్నీ విడుదల తేదీ మీద ఆధారపడినవి. అసలు విడుదలే కాని రికార్డులు ఎంత పాతవైనా 2067 వరుసలోకే వెళ్తాయి. రేడియోలో ప్రసారం కావడం విడుదల కింద లెక్కకు రాదు. జాజ్ అభిమానులకు అత్యంత ప్రియమైన పాత రికార్డుల్లో ఎన్నో సరిగ్గా ఈ కోవకే చెందుతాయి.

రేడియో నుంచి పట్టుకున్న సంగీతం: సేవరీ కథ

1930లలో లక్క రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. నృత్యశాలలో పది నిమిషాలు సాగే పాటను స్టూడియోలో మూడు నిమిషాలకు కుదించి వాయించేవారు. కాబట్టి కంపెనీల రికార్డుల నుంచి ఆనాటి జాజ్‌ను అర్థం చేసుకోవడమంటే, ఒక విద్వాంసుడి కచేరీని సినిమా పాట నిడివిలో విని అంచనా కట్టడమే. మిగతాది రేడియోలో వినిపించి గాలిలో కలిసిపోయేది.

న్యూయార్క్‌లో ప్రసారాలను రికార్డు చేసే పనిలో ఉన్న యువ ఇంజనీరు బిల్ సేవరీ, 1930ల రెండో సగంలోనూ 1940లోనూ తనకు నచ్చిన జాజ్ ప్రసారాలను పెద్ద సైజు రికార్డు పళ్లేల మీదకు, వాటిలో కొన్ని అల్యూమినియంవి, ఎక్కించుకున్నాడు. మామూలు రికార్డు కంటే చాలా ఎక్కువ సేపు పట్టే పళ్లేలు అవి. కౌంట్ బేసీ బృందంలో లెస్టర్ యంగ్ తీరిగ్గా వాయించిన సోలోలు, వాద్యకారులు ముందస్తు ఏర్పాటు లేకుండా కలిసి వాయించే జామ్ సెషన్లు వాటిలో ఉన్నాయి. హాకిన్స్ 1940లో వాయించిన ‘బాడీ అండ్ సోల్’ కూడా ఉంది. స్టూడియోలో రెండు చుట్లకే ఆగిన ఊహ అక్కడ చుట్టు మీద చుట్టు సాగుతుంది. సేవరీ బతికి ఉన్నంతకాలం ఈ నిధిని దాదాపు ఎవరికీ వినిపించలేదు. 2004లో ఆయన మరణించాక, దశాబ్దాలుగా దాని వెంటపడిన జాజ్ చరిత్రకారుడు లోరెన్ షోన్‌బర్గ్ చొరవతో హార్లెంలోని నేషనల్ జాజ్ మ్యూజియం 2010లో ఆయన కుమారుడి దగ్గర దాన్ని సంపాదించింది. సుమారు వెయ్యి పళ్లేలు. కొన్ని బాగా దెబ్బతిన్నాయి.

వార్త విన్న అభిమానుల ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. పళ్లేలు మ్యూజియానివి, కానీ వాటిలోని సంగీతం ఎవరిది? వాయించినవారి వారసులదా, బృంద నాయకుడిదా, ప్రసారం చేసిన రేడియో సంస్థదా, రికార్డు చేసిన సేవరీదా? ఒక జామ్ సెషన్‌లో ఎనిమిది మంది వాయిస్తే ఎనిమిది కుటుంబాల ఆచూకీ తెలియాలి. ఆ పైన పాటల ప్రచురణకర్తలు ఉండనే ఉన్నారు. ఏళ్ల తరబడి వినాలనుకున్నవారు మ్యూజియానికి వెళ్లి అక్కడే వినాల్సివచ్చింది. ఒప్పందాలు ఒక్కొక్కటిగా కుదిరి 2016లో మొదటి భాగం డిజిటల్ రూపంలో వచ్చింది, 2018లో మొజాయిక్ కంపెనీ ఆరు సీడీల పెట్టెగా తెచ్చింది. ఇవి 1972కు ముందు రికార్డై, 1972కు ముందు విడుదల కానివి. అందుకే 1939 స్టూడియో రికార్డు 2040లో స్వేచ్ఛ పొందుతుంటే, మరుసటి ఏడాది రేడియో నుంచి పట్టుకున్నది 2067 దాకా కాపలాలో ఉంటుంది.

అభిమాని చేతిలో రికార్డింగ్ యంత్రం

సేవరీ వృత్తిరీత్యా ఇంజనీరు. ఏ సంస్థ నీడా లేకుండా సొంత ఇష్టంతో యంత్రం మోసుకెళ్లిన అభిమానులు అంతకంటే ఆసక్తికరమైనవారు. 1942 ఆగస్టు 1న అమెరికా వాద్యకారుల సంఘం రాయల్టీల కోసం రికార్డింగులను బహిష్కరించింది. పెద్ద కంపెనీల్లో కొన్ని 1944 నవంబరు దాకా దిగిరాలేదు. సరిగ్గా ఆ రెండేళ్లలోనే బీబాప్ రూపుదిద్దుకుంది. 1943 ఫిబ్రవరిలో షికాగోలోని ఒక హోటల్ గదిలో బాబ్ రెడ్‌క్రాస్ అనే స్నేహితుడు తన సొంత యంత్రంతో పార్కర్‌నూ డిజీ గిలెస్పీనీ రికార్డు చేసుకోకపోతే, ఆ ఇద్దరూ అప్పుడు కలిసి ఎలా వాయించేవారో నేటికి ఊహించుకోవాల్సిందే.

1940 నవంబరు 7న నార్త్ డకోటాలోని ఫార్గో పట్టణంలో జరిగినది మరీ ముచ్చటైన సంగతి. జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు యువకులు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం ఆ ఊరి క్రిస్టల్ బాల్‌రూమ్‌కు వస్తోందని తెలిసి, రికార్డు చేసుకుంటామని ముందే అనుమతి అడిగారు. అమ్మకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. మోసుకెళ్లగల రికార్డింగ్ యంత్రాన్నీ కొన్ని మైకులనూ పెట్టుకుని ఆ రాత్రంతా కూర్చున్నారు. పళ్లెం నిండిపోయి మార్చే వ్యవధిలో జరిగిన సంగీతం పోయింది, అందుకే కొన్ని పాటలు మధ్యలోనే తెగిపోతాయి. తెగిపోయినా, శీతాకాలపు రాత్రి ఒక చిన్న ఊరి నృత్యశాలలో బెన్ వెబ్‌స్టర్ శాక్సఫోన్ ఊపిరి ఎంత వెచ్చగా ఉండేదో మరే రికార్డూ అలా చెప్పదు. ఆ పళ్లేల నకళ్లు చేతులు మారాయి, అనుమతి లేని ప్రచురణలు వచ్చాయి, 1978లో అధికారికంగా విడుదలయ్యాక గ్రామీ పురస్కారం కూడా అందుకుంది.

అమ్మబోమన్న మాట మీద తీసిన రికార్డు చివరికి బజారులోకి వచ్చింది, కానీ రాకపోతే మనకు దక్కేది కాదు. ఇప్పుడు చట్టం స్పష్టంగానే ఉంది. 1994 నుంచి అమెరికాలో ప్రదర్శకుల సమ్మతి లేకుండా కచేరీని రికార్డు చేయడం, ఆ నకళ్లను పంచడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. భారత కాపీరైట్ చట్టంలోనూ ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ల పాటు ఉంటుంది. ఫార్గో కుర్రాళ్లలా ముందే అడగడం ఒక్కటే వివాదం లేని మార్గం. అయితే అడిగి తీసుకున్న అనుమతి వినడానికా, నలుగురితో పంచుకోవడానికా, అమ్మడానికా అన్నది రాతలో లేకపోతే, చిక్కు తర్వాతి తరానికి బదిలీ అవుతుంది.

డాలస్, లండన్, విజయవాడ: ఒకే ఫైలు, మూడు చట్టాలు

ఒక తెలుగు కుటుంబంలో జాజ్ ఇష్టపడే ముగ్గురున్నారనుకుందాం. అన్నయ్య డాలస్‌లో, చెల్లెలు లండన్‌లో, బాబాయి విజయవాడలో ఉంటారు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ప్రతిని ముగ్గురూ డిజిటల్‌గా మార్చి నలుగురికీ వినిపించాలనుకున్నారు.

డాలస్‌లో ధ్వనిముద్రణకు 2067 దాకా రక్షణ ఉంది కాబట్టి అన్నయ్యకు దారి లేదు. లండన్‌లో ధ్వనిముద్రణకు అప్పట్లో 50 ఏళ్ల గడువు ఉండేది, అది 2009 చివరికి తీరిపోయింది. ఐరోపా సమాఖ్య 2011లో గడువును 70 ఏళ్లకు పెంచినా, అప్పటికే తీరిపోయినవాటిని వెనక్కి తేలేదు. అందుకే 1963కు ముందు విడుదలైన రికార్డులు ఐరోపాలో ఈ హక్కు నుంచి బయటపడ్డాయి, ఎన్నో చిన్న కంపెనీలు వాటిని చవకగా ముద్రించి అమ్ముతున్నాయి. విజయవాడలో భారత చట్టం ప్రకారం విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్క. 1959కి అది 2019తో ముగిసింది.

చెల్లెలూ బాబాయీ అప్పుడే స్థిమితపడకూడదు. గడువు తీరింది ధ్వనిముద్రణకే. అందులోని రచనలు ప్రధానంగా డేవిస్‌వి, ఆయన మరణించింది 1991లో. రచనకు బ్రిటన్‌లో రచయిత మరణం తర్వాత 70 ఏళ్లు, భారత్‌లో 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. కాబట్టి నలుగురికీ అందుబాటులో పెట్టాలంటే రచన తాలూకు లైసెన్సు కావాల్సిందే. భారత చట్టం సొంత వినికిడికీ పరిశోధనకూ విమర్శకూ కొంత వెసులుబాటు ఇస్తుంది, కానీ బహిరంగంగా పంచడం అందులోకి రాదు. ‘బాడీ అండ్ సోల్’ విషయంలో లండన్ లెక్క ఇలాంటిదే. జానీ గ్రీన్ 1989లో మరణించారు కాబట్టి రచన గడువు 2059 చివరి వరకు సాగుతుంది, హాకిన్స్ రికార్డు మాత్రం ఎప్పుడో బయటపడింది. డాలస్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం.

ఎవరి వాదనలో ఎంత న్యాయం ఉంది

రికార్డు కంపెనీలూ వారసులూ చెప్పేదాన్ని తేలిగ్గా కొట్టేయలేం. పాత పళ్లేన్ని శుభ్రం చేసి, సరైన వేగం పట్టుకుని, గీతల చప్పుడు తగ్గించి విడుదల చేయడం ఖరీదైన పని. అలా చేసిన ప్రతిని మరుసటి నెలలో ఎవరో నకలు కొట్టి సగం ధరకు అమ్మితే, ఆ పనికి ఎవరూ పూనుకోరు. పైగా అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు స్వరకర్తలకే తప్ప వాద్యకారులకు డబ్బు చెల్లించవు. 2018 చట్టం వల్ల 1972కు ముందు నాటి వాద్యకారుల కుటుంబాలకు కూడా డిజిటల్ రేడియో రాయల్టీలో వాటా ఖాయమైంది. కూలి డబ్బుతో సరిపెట్టుకున్న తరానికి ఆలస్యంగానైనా అందిన న్యాయమది.

అభిమానులూ పరిశోధకులూ చెప్పేది వేరు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కోసం టిమ్ బ్రూక్స్ చేసి 2005లో వెలువరించిన అధ్యయనం, 1890 నుంచి 1964 వరకు వచ్చిన ముఖ్యమైన రికార్డుల్లో హక్కుదారులు మళ్లీ అందుబాటులోకి తెచ్చింది 14 శాతమేనని తేల్చింది. హక్కు లేనివారు తెచ్చినవి 22 శాతం. నాకు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. రక్షణ కోసం పెట్టిన హక్కు, అమ్ముడుపోతుందన్న నమ్మకం లేని సంగీతాన్ని తాళం వేసి ఉంచడానికే పనికొస్తోందన్న వారి మాటకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. రెండు వైపుల మాటా నిజమే అయినా, పళ్లేలు పాడైపోవడానికి మాత్రం గడువుతో పని లేదు. చట్టం నూరేళ్లు ఆగమంటే లక్క పూత ఆగదు.

2018 చట్టం ఇక్కడొక చిన్న కిటికీ తెరిచింది. 1972కు ముందు నాటి ఒక రికార్డు ఎక్కడా అమ్మకంలో లేదని శ్రద్ధగా వెతికి నిర్ధారించుకున్నవారు, లాభాపేక్ష లేకుండా వాడుకోదలచామని కాపీరైట్ కార్యాలయానికి నోటీసు ఇవ్వవచ్చు. 90 రోజుల్లోపు హక్కుదారు అభ్యంతరం చెప్పకపోతే వాడుకోవచ్చు.

తేదీలు రాసిపెట్టినవారు

పంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేనిది ఒకటుంది, అది చరిత్ర. ఏ రోజు, ఏ ఊళ్లో, ఎవరెవరు, ఏ వాద్యాలు వాయించారన్న వాస్తవాల మీద కాపీరైట్ లేదు. ఫలానా రచయిత వాటి గురించి రాసిన వ్యాసానికి, తీసిన ఛాయాచిత్రానికి ఉంటుంది. ఈ వాస్తవాలను పోగుచేసింది విశ్వవిద్యాలయాలు కాదు, అభిమానులే. పారిస్‌లో చార్ల్స్ డెలోనే 1936లో ‘హాట్ డిస్కోగ్రఫీ’ అనే జాజ్ రికార్డుల పట్టికను అచ్చువేసేనాటికి, వాద్యకారుల పేర్లు రికార్డు లేబుల్ మీద తరచుగా ఉండేవే కావు. పాట గాడులు ముగిసి లేబుల్ మొదలయ్యే మధ్య నున్నటి చోట చెక్కి ఉండే చిన్న అంకెను భూతద్దంతో చదివి, ఒకే రోజు రికార్డైన పళ్లేలను వరుస పెట్టి, వాయించినవారికి ఉత్తరాలు రాసి ఆ తేదీలను తేల్చుకున్నారు.

ఇప్పుడు చట్టం విడుదల సంవత్సరాన్ని ఆధారం చేసుకుంది కాబట్టి ఆ పాత నోటు పుస్తకాలకు కొత్త అవసరం ఏర్పడింది. 1926 డిసెంబరులో రికార్డు చేసిన పాట ఆ నెలలోనే దుకాణానికి వస్తే 2027 జనవరి 1న అందరిదవుతుంది. మరుసటి నెలలో వస్తే మరో ఏడాది ఆగాలి. ఆ తేడా తేల్చడానికి కంపెనీ దస్త్రాలు మిగలని చోట, పాత పత్రికల్లో ‘ఈ నెల కొత్త రికార్డులు’ అని వచ్చిన ప్రకటనలనూ, అభిమానులు వేసుకున్న పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తోంది.